వెనకాల పెట్టిన ఇనుము

గల్ఫ్‌కి బయల్దేరే కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సామర్లకోటలో ఫలానా ముసలాయన ఒమన్‌లో వర్క్‌షాప్ ఫోర్‌మన్‌గా చేసి వచ్చాడట, వెళ్ళి కనుక్కో అని ఎవరో చెప్పి పంపుతారు. వచ్చినవాడు కుర్చీ అంచున కూర్చుని వీసా గురించి అడుగుతాడు, జీతం గురించి అడుగుతాడు, రూమ్‌లో ఏసీ ఉంటుందా అని అడుగుతాడు. పని ఎలా ఉంటుందని అడిగినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. అడక్కపోయినా చెబుదామని మొదలుపెడితే ఫోన్ తీసి చూసుకుంటాడు. అందుకే రాసి పెడుతున్నాను. చదివేవాడు చదువుతాడు, లేనివాడి ఖర్మ.

నాకొచ్చిన హోదాలు, కాగితాల గొడవలు ఇందులో ఉండవు. వాటివల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతాల్లో నేను మస్కట్ పక్కన సీబ్‌లో ఒక టెంట్ల కంపెనీ యార్డులో వర్క్‌షాప్ చూసేవాణ్ణి. పికప్ వెనక ట్రైలర్ తగిలించి తోలే పని గురించి అక్కడ నేర్చుకున్న సంగతి ఒకటుంది. దానితోపాటు ఒక మనిషి ఉన్నాడు. పేరు ఓబులేసు, కడప జిల్లా వాడు. ఇప్పుడు లేడు.

ముందు చూడు

ముందుగా పని సంగతి. పికప్ వెనక బంపర్ కింద ఒక ఇనుప గుండు ఉంటుంది. ట్రైలర్ ముక్కు వచ్చి ఆ గుండు మీద కూర్చుంటుంది. ట్రైలర్ బరువులో కొంత ఆ ముక్కు ద్వారా పికప్ మీద పడుతుంది. పడాలి కూడా. కానీ ఆ బరువు ఎక్కువైతే పికప్ వెనక కుంగి ముందు లేస్తుంది. ముందు చక్రాలకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. స్టీరింగ్ తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని గానీ తిరగదు. హెడ్‌లైట్లు రోడ్డు వదిలేసి ఖర్జూరం చెట్ల తలలు చూపిస్తాయి.

దీనికి మందు బరువు పంచే హిచ్, అంటే ట్రైలర్ తగిలించే సరంజామా. డ్రైవర్లు బార్ల హిచ్ అనేవాళ్ళు. గుండు కింద నుంచి రెండు స్ప్రింగ్ బార్లు మొదలై ట్రైలర్ ముక్కుకి రెండు పక్కలా వెనక్కి సాగుతాయి. వాటి కొసల్ని గొలుసులతో పైకి లాగి బిగిస్తే, పికప్ వెనక ఇరుసు మీద పడిన బరువులో కొంత ముందు చక్రాలకీ కొంత ట్రైలర్ చక్రాలకీ వెళుతుంది. గొలుసు బిగించేటప్పుడు మొహం దగ్గర పెట్టకండి. బిగించే రాడ్డు పట్టు తప్పి తిరగబడితే పళ్ళు మిగలవు.

ఈ పని నాకు నేర్పింది మస్కట్ రేవు దగ్గర మత్రాలో నా మొదటి ఉస్తాద్, అంటే గురువు. పెషావర్ ముసలాయన, అందరూ ఖాన్ సాబ్ అనేవాళ్ళు. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. ఒకసారి దూరాన తీరం మీదున్న సహం అనే ఊరి నుంచి ఒక చేపల వ్యాపారి పడవని ట్రైలర్ మీద పెట్టుకుని వచ్చాడు. అంతకుముందే పికప్ వెనక కుంగుతోందని ఎవరో మెకానిక్ అదనంగా కమాన్ పట్టీలు వేసి ఎత్తాడు. చూడ్డానికి బండి చక్కగా ఉంది. అయినా స్టీరింగ్ గాలిలో ఉన్నట్టుందని ఆయన గోల. నేను పోయి వెనక పట్టీల కింద దూరి చూస్తుంటే ఖాన్ సాబ్ కాలితో నన్ను ఒక్క తోపు తోశాడు. "పీఛే క్యా దేఖ్‌తా హై? ఆగే దేఖ్!" అన్నాడు. వెనకేం చూస్తావు, ముందు చూడు అని.

టేపు తెప్పించి, ట్రైలర్ తగిలించకముందు ముందు చక్రం పైనున్న మడ్‌గార్డ్ అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిపించాడు. తగిలించాక మళ్ళీ కొలిపించాడు. ముందుభాగం లేచే ఉంది. కమాన్ పట్టీలు వెనకని ఎత్తాయే గానీ ముందు చక్రాలకి బరువు తిరిగి ఇవ్వలేదు. బార్లు వేసి గొలుసు బిగించాక మూడోసారి కొలిస్తే ముందుభాగం మొదట ఉన్న ఎత్తుకి దగ్గరగా దిగింది. ఆ చేపల వ్యాపారి ఒక చుట్టు తిరిగొచ్చి ఖాన్ సాబ్ గడ్డం ముద్దుపెట్టుకున్నాడు.

ఆయన ఇంకో మాట కూడా అనేవాడు. ఈ బార్లు ఉన్న బరువును పంచుతాయిరా, తప్పుగా పెట్టిన బరువును దిద్దవు. అది వినడానికి చిన్నమాట. ట్రైలర్ ఇరుసుకి వెనకాల బరువు ఎక్కువైతే ముక్కు తేలిపోతుంది. పికప్ కుంగదు. బండి నిటారుగా, అందంగా నిలబడుతుంది. కానీ రోడ్డెక్కి వేగం అందుకున్నాక పక్క నుంచి పెద్ద లారీ గాలి కొట్టినా చాలు, ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలైతే ఒక్కో ఊపుకీ పెరుగుతుంది. అప్పుడు ఎంత మంచి హిచ్ ఉన్నా మిమ్మల్ని కాపాడదు.

ఓబులేసు

మా కంపెనీ పని పెళ్ళిళ్ళకీ విందులకీ టెంట్లు వేయడం. అర్బాబ్, అంటే యజమాని, ఒమానీ పెద్దాయన. ఎప్పుడో గానీ యార్డుకి వచ్చేవాడు కాదు. అంతా చూసేది మేనేజర్ ప్రభాకర్ గారు, గుంటూరాయన. టెంట్లు వేసే పనివాళ్ళంతా బంగ్లాదేశ్ వాళ్ళు. వాళ్ళ పెద్ద జమాల్. సామాను మోసేది ఒక పికప్, దాని వెనక డబ్బా లాంటి మూత ట్రైలర్. దాన్ని తోలేవాడు ఓబులేసు.

ఊళ్ళో కడప బండల లారీ తోలినవాడు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు, నోరు మూత పడేది కాదు. నన్ను ఆట పట్టించకపోతే వాడికి తెల్లారేది కాదు. "గోదారోళ్ళకు బండంటే పడవే గదన్నా, నీకు రోడ్డు సంగతేం తెలుసు?" అనేవాడు. నేను వాణ్ణి, మీ ఊళ్ళో రోడ్లున్నాయా రాళ్ళున్నాయా అని అడిగేవాణ్ణి. ఆ పికప్‌ని మాత్రం కన్నబిడ్డలా చూసుకునేవాడు. అద్దం మీద వేలిముద్ర పడితే జమాల్ మనుషులతో పోట్లాడేవాడు.

వాడి భార్య రమణమ్మ అల్ ఖౌద్‌లో ఒక ఒమానీ వాళ్ళ ఇంట్లో పనిచేసేది. పిల్లలిద్దరూ ఊళ్ళో ఆమె తల్లి దగ్గర. మా యార్డుకీ ఆ ఇంటికీ మధ్య కొద్ది దూరమే అన్న మాటే గానీ, మొగుడూ పెళ్ళాలు కలిసేది శుక్రవారం ఒక్కరోజే. ఆ ఇంట్లో భోజనాలు అయ్యాక రమణమ్మకి సాయంత్రం దాకా తీరిక. ఓబులేసు స్నానం చేసి, తలకి నూనె రాసుకుని, షావర్మా పొట్లం కట్టించుకుని వెళ్ళేవాడు. ఆ ఇంటి ప్రహరీ నీడలో అట్టముక్క వేసుకుని ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఒకటి రెండుసార్లు నేనూ వెళ్ళాను. వాళ్ళు ఏం మాట్లాడుకుంటారా అనుకున్నాను. పిల్లలు ఫోన్‌లో ఏమన్నారో ఆమె చెప్పేది, అదే మాట మళ్ళీ చెప్పించుకుని వీడు మళ్ళీ నవ్వేవాడు. అంతే.

నేను చేరినప్పుడు ఆ పికప్ పూర్తిగా కుంగి నడిచేది. ప్రభాకర్ గారితో చెప్పి బార్ల హిచ్ తెప్పించి బిగించాను. ఓబులేసు మొదటిసారి సహం దాకా పోయొచ్చి, బండి దిగకుండానే అరిచాడు. "అన్నా, స్టీరింగు ఇప్పుడు చేతికి ఆనుతాందన్నా! ఇన్నాళ్ళూ నేను తోల్లేదు, అదే నన్ను తోలింది." ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంకే ఉద్యోగంలోనూ కలగలేదు.

ఇనుము ఎక్కడ ఉండాలి

టెంట్ల పనికి ఒక వరస ఉంది. వేసేటప్పుడు ముందు ఇనుప చట్రాలూ స్తంభాలూ లేస్తాయి. వాటి మీద గుడ్డ, తర్వాత కింద తివాచీలు, ఆఖర్న కుర్చీలు. విప్పేటప్పుడు అంతా తిరగేసి. కుర్చీలు ముందు వస్తాయి, తివాచీలు చుట్టేస్తారు, గుడ్డ దించుతారు, చిట్టచివర ఇనుము విప్పుతారు. ఏది ముందు వస్తే అది ట్రైలర్‌లోకి పోతుంది. తివాచీలు ఇసకలో పడేసి ఉంచితే పాడవుతాయని అర్బాబ్ కోప్పడతాడు కాబట్టి చుట్టినవి చుట్టినట్టే ఎక్కించేవాళ్ళు. ట్రైలర్‌కి ఉన్నది వెనక తలుపు ఒక్కటే. కాబట్టి తేలికవన్నీ లోపలికి పోయి, ఆఖర్న విప్పిన ఇనుమంతా తలుపు దగ్గర, అంటే ఇరుసుకి వెనకాల చేరేది. మర్నాడు ఇంకోచోట టెంట్ వేయాలంటే ముందు కావలసింది కూడా ఇనుమే. అది తలుపు దగ్గరే ఉంటే పని చకచకా సాగుతుంది. జమాల్ స్థానంలో నేనున్నా అలాగే ఎక్కించేవాణ్ణి. ఒప్పుకోనిది ట్రైలర్ ఒక్కటే.

ఒక రోజు ఓబులేసు యార్డులోకి వస్తూనే నన్ను కేకేశాడు. "అన్నా, ఈ పొద్దు బండి సూడు. ట్రైలర్ తగిలించినట్టే లేదు. ఎంత నిటారుగా నిలబడిందో!" నిజంగానే పికప్ కొత్త పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. బార్లు విప్పించి, గుండు మీద నుంచి లాక్ తీయించి, "ముక్కు నువ్వో పక్క పట్టుకో, నేనో పక్క పడతాను, ఎత్తు" అన్నాను. నిండా సామానున్న ట్రైలర్ ముక్కు మా ఇద్దరి చేతుల్లో పైకి లేచింది. వాడి మొహంలో నవ్వు పోయింది.

"తోవలో తోక ఆడించిందా?" అని అడిగాను.

"రెండు మూడుసార్లు అటూ ఇటూ అనిందన్నా. గాలి అనుకుంటి."

"గాలి కాదయ్యా. వెనకాల ఇనుము. మళ్ళీ అట్లా అంటే యాక్సిలరేటర్ మీద కాలు తియ్యి, స్టీరింగ్ కదలకుండా పట్టుకో. బ్రేకు తొక్కావో, అది నిన్ను తిప్పేస్తుంది."

ఆ రోజు నుంచీ వాడు మారిపోయాడు. ఇనుము ముందు ఎక్కించాలి, తివాచీలు తర్వాత అని పట్టుబట్టేవాడు. అంటే ఇనుము విప్పేదాకా మిగతా సామానంతా ఇసకలో టార్పాలిన్ పట్టాలు పరిచి వాటి మీద పెట్టుకోవాలి, అప్పటికి అలిసిపోయిన మనుషులు మొదటి నుంచీ ఎక్కించాలి. జమాల్ మనుషులు "ఉస్తాద్ పాగల్ హో గయా" అని విసుక్కునేవాళ్ళు. పిచ్చెక్కిందిరా వీడికి అని. తివాచీలకి ఇసకెందుకు అంటుకుందని అర్బాబ్ నుంచి అక్షింతలు. ఓబులేసు పళ్ళికిలించి అన్నీ పడేవాడు. కొన్నిసార్లు వాడి మాట నెగ్గేది, కొన్నిసార్లు నెగ్గేది కాదు.

పక్క తలుపు

దీనికి నాకు తోచిన దారి ఒకటి ఉంది. ట్రైలర్ ముందుభాగంలో, ముక్కుకి దగ్గరగా, పక్కన ఒక తలుపు కోయడం. అప్పుడు వరస మార్చక్కర్లేదు. ముందు కొంత జాగా వదిలి తివాచీలు వెనక నుంచి ఎక్కించుకోవచ్చు. ఇనుము ఆఖర్న విప్పినా పక్క తలుపు నుంచి ముందుకే చేరుతుంది. గ్యాస్ కట్టర్, కొంత చట్రం ఇనుము, రెండు మడత బందులు. పెద్ద విద్యేం కాదు. కాకపోతే ట్రైలర్ రెండు మూడు రోజులు యార్డులో ఆగాలి.

ప్రభాకర్ గారికి చెప్పాను. చెప్పడం కాదు, వెంటపడ్డాను. ఆయన ప్రతిసారీ ఓపిగ్గానే విన్నారు. "సూర్యనారాయణ గారూ, మీరు చెప్పేది నాకు అర్థమవుతోందండీ. కానీ ఇది పెళ్ళిళ్ళ సీజన్. ఉన్న ట్రైలర్ ఒక్కటే. మూడు రోజులు ఆపితే పెళ్ళివాళ్ళకి ఏం చెప్పమంటారు? రంజాన్ రానివ్వండి, బండి ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఒకటి కాదు, రెండు తలుపులు కోసుకోండి" అన్నారు.

ప్రభాకర్ గారు చెడ్డవారు కాదు. అది స్పష్టంగా రాయాలి. మనుషుల ఇళ్ళల్లో చావొచ్చినా పుట్టుకొచ్చినా సెలవు కోసం అర్బాబ్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవారు. జ్వరమొస్తే తన కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. ఆయనకి అర్థం కాని విషయం ఒక్కటే. బండికి మన సీజన్ తెలియదు. మీకూ ఇలాంటి మంచి మేనేజర్లే ఎక్కువ దొరుకుతారు. చెడ్డవాడితో పోట్లాడటం సులువు. మంచివాడు "కొంచెం ఆగండి" అంటే ఆగిపోతాం.

ఆ శుక్రవారం

గురువారం సహంలో పెళ్ళి. శుక్రవారం పొద్దున టెంట్లు విప్పి బయల్దేరారు. జమాల్ మనుషులు కంపెనీ బస్సులో వెనక వస్తున్నారు. ఓబులేసు ఒక్కడే పికప్‌లో ముందు. మధ్యాహ్నం నేను రూమ్‌లో అన్నం కలుపుకుంటుంటే ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. "సూర్యనారాయణ గారూ, మన ట్రైలర్ హైవే మీద పడిపోయిందట. ఓబులేసు..." అని ఆగిపోయారు. ఆయన ఏడుస్తున్నారని నాకు కాసేపటికి అర్థమైంది.

ఇంకే బండికీ ఏం కాలేదు. ట్రైలర్ తిరగబడి పికప్‌ని ఈడ్చేసింది. మేం ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. తలకి రాసుకోడానికని చిన్న నూనె సీసా వాడి జేబులో ఉంది, పగలలేదు. దాన్ని నా చేతిలో పెట్టారు. చాలాసేపు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

రెండో రోజుకే క్యాంపులో మాటలు మొదలయ్యాయి. నిద్రపోయాడు అన్నారు. రాత్రంతా పెళ్ళి పనిలో ఉన్నాడు కదా, నిద్రే అన్నారు. పెళ్ళాన్ని చూడాలని తొందరపడి తోలాడు అని ఇంకొకడు మూతి వంకర పెట్టి అన్నాడు. వాణ్ణి కొట్టబోయాను, పక్కవాళ్ళు ఆపారు. అర్బాబ్‌కి కూడా నిద్ర అనే చెప్పారు. పోయినవాడు నిద్రపోయాడంటే ఇక ఉన్నవాళ్ళెవరూ దేనికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

ట్రైలర్‌ని యార్డుకి తెచ్చాక నేనే విప్పాను. బార్లు వాటి చోట ఉన్నాయి. గొలుసులు నేను గుర్తు పెట్టిన లింకుకే ఉన్నాయి. గుండు మీద లాక్ ఊడలేదు. హిచ్‌లో ఏ లోపమూ లేదు. తర్వాత డబ్బా కోయించి లోపల చూశాను. తివాచీలు, గుడ్డ, కుర్చీలు ముందుభాగంలో ఇరుక్కుని ఉన్నాయి. ఇనుమంతా వెనక తలుపుని ఆనుకుని, ఆ తలుపుని లోపలి నుంచి బయటికి ఉబ్బించింది. రోడ్డు మీద టైర్ల గుర్తులు చూసొచ్చినవాళ్ళు, అటూ ఇటూ పాము నడిచినట్టున్నాయి, ఒక్కో వంపూ పెద్దదైంది అన్నారు. నిద్రపోయినవాడి బండి అలా నడవదు. ఒక్క పక్కకి పోతుంది.

జమాల్‌ని అడిగాను. అతను కళ్ళు తుడుచుకుంటూ హిందీలో చెప్పాడు. ఉస్తాద్ ఎప్పటిలాగే సామాను మార్చమన్నాడు, మేం ఇనుము దింపడం మొదలుపెట్టాం కూడా, ఇంతలో ఏమనుకున్నాడో తనే వచ్చి, వదిలెయ్యండిరా, మళ్ళీ లోపల పెట్టి తలుపు వేసెయ్యండి అన్నాడు అని. రాత్రంతా పనిచేసిన మనుషుల మీద జాలిపడ్డాడు కాబోలు అనుకున్నాను. వాడి గుణం అలాంటిదే.

ప్రభాకర్ గారిని తీసుకొచ్చి ఆ ఉబ్బిన తలుపు చూపించాను. ఆయనే చెయ్యి పెట్టి ఆ రేకు తడిమి చూసి, పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయారు. తర్వాత వచ్చిన ట్రైలర్‌కి పనిలోకి దింపకముందే పక్క తలుపు కోయించారు. సీజన్ మధ్యలోనే.

గోడనీడ

రమణమ్మ శవంతో ఊరెళ్ళి, కర్మలయ్యాక తిరిగొచ్చింది. పిల్లల చదువులకి ఆ ఇంటి పనే దిక్కు. ఒక శుక్రవారం నాకు ఫోన్ చేసి, "అన్నా, ఒకసారి వస్తావా, నీతో ఒక మాట అడగాల" అంది.

వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఎప్పుడూ కూర్చునే గోడ దగ్గరే నిలబడి ఉంది. చిక్కిపోయింది. పిల్లల గురించి నాలుగు మాటలు అయ్యాక అడిగింది.

"అందురూ ఆయన నిద్దరపోయినాడంటాండారన్నా. ఊళ్ళో మా అత్త గూడా అదే అనింది. నీకోసం పరిగెత్తొచ్చి పోయినాడు, నీ శుక్రవారమే నా కొడుకును తినింది అనింది. నువ్వు బండ్లు తెలిసినోనివి. నిజంగా నాకోసమేనా అన్నా?"

ఆ మాట అడగడానికి ఆమె ఎన్నాళ్ళు కూడదీసుకుందో. నా దగ్గర జవాబుంది, అది కచ్చితమైన జవాబు, ఆ బరువు ఈమె మీద నుంచి దింపేస్తాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వాడు పోయాక మొదటిసారి నాకు కొంచెం ధైర్యం వచ్చింది ఆ క్షణంలోనే.

"కాదమ్మా. నిద్రా కాదు, తొందరా కాదు. ఇనుము వెనకాల పెట్టడం వల్ల జరిగింది" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. గేటు లోపల తోటమాలి రెండు చక్రాల తోపుడు బండి, మట్టి బస్తాలు ఉన్నాయి. తెమ్మంటే, ఆమె లోపలికెళ్ళి మేడమ్‌ని అడిగి రెండు బస్తాలతో సహా ఆ బండి బయటికి తెచ్చింది. ఒక బస్తా మధ్యలో, ఒక బస్తా పిడి వైపు పెట్టి "లాగమ్మా" అన్నాను. లాగింది. బండి బుద్ధిగా వెంట వచ్చింది. తర్వాత రెండు బస్తాలూ వెనక కొసకి జరిపి మళ్ళీ లాగమన్నాను. పిడి ఆమె చేతుల్లోంచి పైకి లేచింది. గట్టిగా కిందికి అదిమి పట్టుకుని గబగబా నడిచేసరికి బండి వెనకభాగం అటూ ఇటూ తన్నింది. రెండుసార్లు అలా చేసి ఆగిపోయింది.

"చెయ్యి పైకి లేస్తాందన్నా. మాట ఇనట్లేదు."

"అంతే తల్లీ. వాడికీ అదే అయ్యింది. ఎంత తోలేవాడైనా ఆ పరిస్థితిలో చేసేది లేదు. సీజన్ అని ట్రైలర్ ఆపలేదు, పక్క తలుపు కోయనివ్వలేదు, అది కంపెనీ తప్పు. వాడిది కాదు, నీది అసలే కాదు."

ఆమె పిడి వదల్లేదు. బస్తాల వైపే చూస్తోంది. తేలికపడుతోంది అనుకున్నాను.

"అయితే ఆ ఇనుము ముందరికి మార్చాలంటే ఎంతసేపు పడుతుందన్నా?"

"గంటన్నర పడుతుంది. మనుషులు అలిసిపోయి ఉంటే రెండు గంటలు" అన్నాను. ఎందుకు అడుగుతోందో నాకు తట్టలేదు.

రమణమ్మ పిడి మెల్లగా కింద పెట్టింది.

"ఆ పొద్దు ఆయన ఫోన్ చేసినాడన్నా. లోడు మార్పిస్తాండా, రెండు గంటలు ఆలీసెమైతాది అన్యాడు. ఆ దినం మేడమ్ వాళ్ళింటికి సాయంత్రం చుట్టాలొస్తాండ్రి. మూడున్నరకు అసర్ నమాజు వరకే నాకు టైమిచ్చినారు. ముందు వారం గూడా ఆయన డ్యూటీ అని రాల్యా. నేను కోపం చేసుకుంటి. మార్చేదేం వద్దు, ఇప్పుడే బయల్దేరి రా, లేకుంటే ఇంక రావాకు అంటి. సరేలే, వస్తాండా అని నవ్వినాడు."

జమాల్ చెప్పిన మాట, తనే వచ్చి వదిలెయ్యమన్నాడన్న మాట, అప్పుడు అర్థమైంది. నిద్ర అన్న అబద్ధాన్నే ఆమె నమ్ముకుని ఉంటే ఎప్పటికో మర్చిపోయేది. నేను బండి తెప్పించి, బస్తాలు పేర్చి, పిడి ఆమె చేతికిచ్చి మరీ నేర్పాను.

పని విషయంలో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజు చెప్పాను. "లేదమ్మా, ఆ రోజు గాలి చాలా ఎక్కువగా ఉంది. ఇనుము ముందుకి మార్చినా ఆ బండి ఆగేది కాదు. నువ్వు రమ్మన్నా, వద్దన్నా ఒకటే" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. నామీద జాలిపడినట్టు చూసింది.

"ఇప్పుడే నా చేత్తో లాగి చూస్తి గదన్నా," అంది. "నువ్వు బాగా చెప్పినావు. నాకు అర్థమైంది."